గత్తర ఉమ్మేసిన మనిషి

నిజాం సర్కారు ఫస్లీ లెక్కలో పదమూడు వందల నలభై ఎనిమిదిలో, ఇంగ్లీషు లెక్కలో పంతొమ్మిది వందల ముప్పై తొమ్మిది ఎండాకాలంలో, నేను బాన్సువాడ సర్కారు దవాఖానలో కాంపౌండరుగా ఉన్నాను. నిజామాబాదు నుంచి బదిలీ మీద వచ్చి అప్పటికి రెండేళ్లు. దవాఖాన అనగానే ఇప్పటి మేడల్ని ఊహించుకోవద్దు. పెంకుల ఇల్లు, ముందు వసారా, లోపల ఆరు మంచాలు, మందుల గదిలో ఒక తక్కెడ. అందరికీ పైన డాక్టర్ సాబ్. ఆయన కింద నేను. నా తర్వాత పుండ్లు కడిగి కట్లు కట్టే డ్రెస్సరు, ఊళ్లు తిరిగి టీకాలు వేసే టీకాదారు, కాన్పులు చూసే దాయి, చివరికి బంట్రోతు పనులు చేసే ఒక చప్రాసీ. కాంపౌండరు పని డాక్టరు రాసిన చీటీ చదివి మందు కలిపి సీసాలో పోసివ్వడం. నాడి పట్టడం, సూది వేయడం, రోగి పక్కన కూర్చోవడం అతని పనులు కావు. నాకు ఆ ఏర్పాటు చాలా నచ్చేది. రోగికీ నాకూ మధ్య ఎప్పుడూ ఒక కిటికీ ఉండేది.

పని అయ్యాక పొద్దుగూకేవరకు బజారులో బీడీల కార్ఖాన అరుగు మీద కూర్చునేవాణ్ని. ఆకు కత్తిరించే వాళ్లకు, బీడీలు చుట్టే వాళ్లకు చేతులకే గాని చెవులకు పని ఉండదు. నాకు కావలసింది చెవులే. మాటలు అల్లే రోగం నాకు చిన్నప్పటి నుంచి ఉంది. మంజీర వరదలో మొసలి వీపు మీద మందుల పెట్టె పెట్టి ఆవలి గట్టుకు చేర్చానని అక్కడ చెప్పాను. నమ్మిన వాళ్లున్నారు. అన్నిటికంటే బాగా చెల్లిన కథ గత్తరది.

గత్తర అంటే ఇప్పటివాళ్లు కలరా అంటున్న రోగం. వాంతి, బేది మొదలైతే పొద్దున నాగలి పట్టినవాణ్ని పొద్దుగూకేలోగా మోసుకుపోవలసి వచ్చేది. మా కాలంలో ఊళ్లలో ఆ పేరు గట్టిగా పలికేవాళ్లు కారు. నేనేమో అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని చెప్పేవాణ్ని: "గోదావరి ఒడ్డున జాతర డ్యూటీల ఉంటె గత్తర నన్ను పట్టుకున్నది. మూడొద్దులు నమిలింది. నాలుగోనాడు, థూ, వీడు చేదున్నడని ఉమ్మేసింది."

"ఉమ్మేసినంక ఏం జేసినవ్ సాబ్?" అని అడిగేవాళ్లు.

"మొఖం కడుక్కుని దానికే సలాం కొట్టిన. అప్పటికెల్లి నన్ను సూస్తె తొవ్వ ఇడ్సిపెడ్తది."

నవ్వేవాళ్లు నవ్వేవాళ్లు, నమ్మేవాళ్లు నమ్మేవాళ్లు. కానీ గత్తర వచ్చి లేచినవాడికి మళ్లీ కొన్నేళ్లు రాదని డాక్టర్లు కూడా అంటారు కాబట్టి నా కథకు శాస్త్రం కూడా వత్తాసు పలికింది.

జరిగింది వేరు. ఆ జాతరలో నా డేరా ముందు ఒక మరాఠీ యాత్రికుడు పొద్దున్నే పొగాకు అడిగాడు. ఇచ్చాను. మధ్యాహ్నానికి అదే చోట అతని మీద గుడ్డ కప్పారు. ఆ గుడ్డ చూసినవాణ్ని చూసినట్టే నడక మొదలుపెట్టాను. రెండు కోసులు, అంటే నాలుగు మైళ్ల దూరంలో ఒక పశువుల కొట్టంలో మూడు రోజులు దాక్కున్నాను. తిండి లేక, భయంతో సగమయ్యాను. తిరిగి వచ్చినప్పుడు నన్ను చూసినవాళ్లే "గత్తర వచ్చిందా?" అని అడిగారు. అవునన్నాను. నా బదులు ఆ మూడు రోజులు పనిచేసిన కాంపౌండరుకు ఏమీ కాలేదు. అతనికేదైనా అయి ఉంటే నిజం ఒప్పుకునేవాణ్నేమో. కాలేదు గనక అబద్ధం నాతోనే బాన్సువాడకు బదిలీ అయింది.

ఆ ఎండాకాలం ఒకనాటి పొద్దున దవాఖాన గేటు బయట ఒక మస్కూరి నిలబడ్డాడు. మస్కూరి అంటే ఊరి కబురు మోసే మనిషి. లోపలికి రాలేదు. చేతికర్ర చివర కాగితం కట్టి గేటు మీద నుంచి చాపాడు. ఊళ్లో గత్తర చావు జరిగితే పోలీసు పటేలు వెంటనే తహసీలుకు రాసి పంపాలి, తహసీలు దవాఖానకు తెలపాలి. ఈ పటేలు ఆ వరసంతా దాటి నేరుగా మాకే రాశాడంటే పరిస్థితి అర్థమైంది. పిట్లం తోవలో కాలువ కింద ఉన్న చిన్న ఊరు. పేరు రాయను. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ కోతలయ్యాక నాకు కొత్త బియ్యం పంపుతారు, నా గత్తర కథ ఎట్లా పుట్టిందో తెలిస్తే ఆపేస్తారు.

బాన్సువాడలోనే రెండిళ్లలో వాంతులు మొదలైనందువల్ల డాక్టర్ సాబ్ కదలడానికి వీల్లేదు. ఆయన గుల్బర్గా మనిషి, తెలుగు తూచి తూచి మాట్లాడేవాడు. వసారాలో మమ్మల్నందర్నీ నిలబెట్టి, హుకుం ఇస్తే ఎవరైనా పోవలసిందేనని, కానీ హుకుం మీద పోయినవాడు పొలిమేర దాకా పోయి తిరిగి వచ్చి చూశానని రాస్తాడని, తనకు అట్లాంటివాడు అక్కర్లేదని చెప్పాడు. ఇష్టపడి వచ్చేది ఎవరని అడిగాడు.

నడుం పట్టేసిందని డ్రెస్సరు అక్కడికక్కడే వంగిపోయాడు. టీకాదారు తన అత్తగారికి సీరియస్‌గా ఉందన్నాడు. ఆమె కిందటేడే పోయింది, పెద్దకర్మకు నేనే పోయి తిని వచ్చాను. చప్రాసీ నీళ్లు తేవడానికి బయటికి పోయి, నీళ్లు గోదావరి నుంచి తెస్తున్నాడేమో అనిపించేంత సేపు రాలేదు. నేను మందుల గది గుమ్మం వైపు ఒక్కొక్క అడుగే జరుగుతున్నాను.

"కాంపౌండర్ సాబ్ ఉండంగ వేరేవాళ్లెందుకు?" అన్నాడు డ్రెస్సరు, వంగిన నడుంతోనే. "గాయన్ని గత్తరే ఉమ్మేసింది గద."

డాక్టర్ సాబ్ నా వైపు తిరిగాడు. ఆ కథ ఆయన చెవికి ఎప్పుడో చేరిందని అప్పుడు తెలిసింది.

సిబ్బందికని జిల్లా నుంచి గత్తర రాకుండా వేసే సూది మందు కొంచెం వచ్చింది. ఆయన పెట్టె తెరిచాడు. నేను అందరికంటే ముందు చొక్కా చేయి పైకి మడిచాను. ఆయన నా చేయి మెల్లగా పక్కకు నెట్టి, నీకు వచ్చిపోయింది కాబట్టి నీకు అక్కర్లేదు, నీ వంతు మందు బజారులో నీళ్లు మోసే ఆమెకు వేస్తానన్నాడు. నేను నోరు తెరిచాను. డ్రెస్సరు, టీకాదారు నా ముఖమే చూస్తున్నారు. చప్రాసీ కూడా సరిగ్గా అప్పుడే నీళ్లతో వచ్చాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. నేను నోరు మూసుకుని చొక్కా చేయి దించుకున్నాను.

ఆడవాళ్లను చూడటానికి ఆడమనిషి కావాలి. దాయి రాజవ్వ అడగకుండానే వస్తానంది. ఏభై దాటిన మనిషి, బిడ్డలు లేని విధవరాలు, దవడలో ఎప్పుడూ పొగాకు ఉండేది. డాక్టర్ సాబ్ సూది తీస్తే చేయి వెనక్కి దాచుకుంది.

"నాకొద్దు సాబ్. గా సూదికి ఒళ్లంత జరం వస్తది, జరంతోని నేనేం పని జేస్త? గీ కాంపౌండర్ సాబ్ ఎంటనే ఉంట. గత్తర వచ్చి లేసినోని ఎంగిలి తాగితె గత్తర ముట్టదంటరు మా పెద్దలు. గాయన తాగిన గిలాసల రోజుకింత తాగుత, నాకేం ఫికర్?"

డాక్టర్ సాబ్ కోప్పడ్డాడు, ఆమె వినలేదు. ఆమెను ఒప్పించగలిగిన మనిషి ఆ వసారాలో ఒక్కడే ఉన్నాడు. అతను మందుల పెట్టెకు తాడు కట్టడంలో చాలా శ్రద్ధగా ఉన్నాడు.

మల్లయ్య అనే అతని బండి మాట్లాడుకున్నాం. బండిలో ఎర్రమందు, అంటే బావి నీళ్లలో కలిపే పర్మాంగనేటు, రెండు సంచుల సున్నం, లవంగ నూనె, ఈథరు, ఇంకో రెండు నూనెలు కలిపి నేను తయారుచేసిన గత్తర మిశ్రమం. దాన్ని కాచిన నీళ్లలో చెంచాడు కలిపి అరగంటకొకసారి తాగించాలి. దానివల్ల ఎంతమంది బతికారో నేను చెప్పలేను. అప్పుడు అంతకంటే మా దగ్గర లేదు. ఉప్పునీళ్లు నరంలోకి ఎక్కించడం డాక్టర్ సాబ్ ఒక్కడే చేయగల పని.

ఊరికి ఫర్లాంగు దూరంలో తోవకు అడ్డంగా తుమ్మకంప వేసి ఉంది. దాని మీద వేపమండలు, పసుపు నీళ్ల కుండ. దీన్ని ఊరి కట్టు అంటారు. కట్టు వేశాక బయటివాడు లోపలికి రాకూడదు, లోపలివాడు బయటికి పోకూడదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా కర్రలు పట్టుకుని తమ పొలిమేరల్లో కాపలా ఉన్నారు. మనుషులకు ఇంత బందోబస్తు చేశారు గాని, తుమ్మకంప పక్క నుంచే పిల్లకాలువ గలగలా ఊళ్లోకి పోతోంది. పై ఊళ్ల బట్టలు, పశువులు, సమస్తం కడిగిన నీళ్లు. ఊరంతా తాగేది అవే. దానికి కట్టు వేయాలని ఎవరికీ తోచలేదు. మల్లయ్య బండి దిగకుండానే పెట్టె, సంచులు కిందికి దొర్లించాడు.

"నా తాన ఇంతే సాబ్. నాకు పెండ్లాం పిల్లలున్నరు. గీ ఎడ్లకు గూడ నేనే దిక్కు."

"ఎడ్లకు గత్తర రాదు మల్లయ్యా," అన్నాను.

"వాటికి రాదు. నాకొస్తె వాటిని ఎవలు మేపాలె?" అని తోలుకుపోయాడు.

కంప అవతల పోలీసు పటేలు నిలబడి ఉన్నాడు. మీసాలు గంభీరంగా ఉన్నాయి గాని కళ్ల కింద నల్లటి గుంటలు. "లోపటికొస్తె కట్టు ఇప్పెదాక బయటికి పోవుడు లేదు. ఇష్టముంటె రాండ్రి. లేకుంటె గక్కడ్నించె సలాం." నేను వెనక్కి చూశాను. మల్లయ్య బండి దుమ్ము అప్పటికే మలుపు తిరుగుతోంది. రాజవ్వ చీర కుచ్చెళ్లు పైకి దోపి కంప సందులోంచి దూరింది. జాతరనాడు నడిచినట్టు నడిచే తోవ ఉంటే ఆనాడు కూడా నడిచేవాణ్నే. లేదు.

ఊళ్లో చప్పుడు లేదు. ఎండలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. అప్పటికే కొన్నిళ్ల ముందు సున్నం గీతలున్నాయి, చావు జరిగిన ఇళ్లవి. పటేలు ఇంటి కొట్టంలో మాకు చోటిచ్చారు. మొదట బావులు చూశాను. ఎర్రమందును బొక్కెనలో కరిగించి బావిలో దించి కలియబెట్టాలి. నీళ్లు గులాబీ రంగుకు తిరిగి ఆ రంగు నిలవాలి. రంగు పోతే ఇంకా మాలిన్యం ఉన్నట్టు, మళ్లీ పోయాలి. అది పుస్తకంలో ఉన్న పని, చేతకాగల పని. అసలు చిక్కు ఇళ్లలో మొదలైంది.

లింగవ్వ అని పడుచు మనిషి. మొగుడు రాత్రి నుంచి పడిపోయి ఉన్నాడు. కళ్లు లోపలికి పోయాయి, చర్మం చిటికెతో పైకి లాగితే లాగినట్టే మడతగా నిలబడుతోంది. ఒంట్లో నీరు పోయిందనడానికి అదే గుర్తు. మందు గిన్నె చాపితే ఆమె తలుపుకు అడ్డం నిలబడింది.

"గీ మందు తాగినోడు తాగినట్టె పోతుండట. పక్కూర్ల అన్నరు. లెక్క జల్ది మూసెయ్యాలని సర్కారోళ్లు ఇస్తుండ్రట."

నేను శాస్త్రం చెప్పబోయాను. రాజవ్వ నన్ను పక్కకు తోసింది. "ఏందే పిల్లా, గీయన ఎవరో ఎర్కనా? గత్తర నోట్లెకెళ్లి బయటవడ్డ మనిషి. గీయన తాగి ఇచ్చిన ఎంగిలి నీ పెనిమిటికి పట్టించు, ఏమైతదో సూడు. నేను గూడ తాగుతున్న."

లింగవ్వ నా ముఖం చూసి, లోపలికి పోయి తమ ఇంటి చెంబు తెచ్చింది. కాచిన నీళ్లు, మందు అందులో కలిపించింది. నా ముందు పెట్టింది. "తాగు సాబ్."

ఆ చెంబు అంచు మీద ఎవరి వేళ్లు పడ్డాయో, దాన్ని ఏ నీళ్లతో కడిగారో నాకు తెలుసు. నా పని తెలిసినవాణ్ని కనుక అందరికంటే బాగా తెలుసు. ఒక గుక్క తాగాను. మిగిలింది ఆమె మొగుడి నోట్లో పోసింది.

మర్నాడు అతను కళ్లు తెరిచాడు. తెరవకపోయినా బాగుండేదని ఒక క్షణం అనిపించిన మాట దాచను, ఎందుకంటే పొద్దెక్కేసరికి పటేలు కొట్టం ముందు చెంబులు, ముంతలు, సత్తు గిన్నెలు పట్టుకుని జనం వరస కట్టారు. మందు వద్దన్న ప్రతి ఇల్లు ఇప్పుడు మందు కావాలంటోంది, షరతు ఒక్కటే: కాంపౌండర్ సాబ్ ముందు తాగాలి.

పారిపోవడానికి దారి లేని మనిషికి బుద్ధి పదునెక్కుతుంది. నేను అరుగెక్కి గత్తర గురించి నా పాత కథ మొత్తం మళ్లీ చెప్పాను, కొత్త తోకతో. నా ఎంగిలికి పట్టింపులున్నాయన్నాను. గిన్నెను సలసల మరిగే నీళ్లలో మూడుసార్లు ముంచి తేవాలి, లేకుంటే ఎంగిలి అంటదు. ఇచ్చేవాళ్ల చేతులు సున్నపు నీళ్లలో కడగాలి. కాలువ నీళ్లు ఒక్క బొట్టు తాగినా నా ఎంగిలి విరిగిపోతుంది. రోగి బట్టలు కాలువలో జాడిస్తే ఇంటిల్లిపాదికీ విరుగుతుంది, వాటిని సున్నం పోసి గుంటలో పూడ్చాలి.

పటేలు మీసం దువ్వుకుంటూ, "ఏందయ్యా, పోచమ్మకు గూడ ఇన్ని పట్టింపులుండయి!" అన్నాడు. అన్నాడు గాని, తన ఇంటి ముందే రెండు పెద్ద కాగులు పొయ్యి మీద పెట్టించాడు. జిల్లా నుంచి ప్రతి ఏడూ వచ్చే పరిశుభ్రత కాగితం చదివితే ఎవరూ వినని నాలుగు ముక్కలు, అబద్ధంలో చుట్టి ఇస్తే ఆ ఊళ్లో ఒక్క పూటలో అమలయ్యాయి.

నా సంగతి చెప్తాను. గిన్నె మరిగే నీళ్లలో మునిగిందా, మధ్యలో ఎవరి కొంగు తగిలిందా, నేను చూడగలిగింది సగమే. రోజూ ముప్ఫై నలభై గిన్నెల్లోంచి ఒక్కో గుక్క. గోళ్లు నీలిబడ్డాయా అని ఎండలో పెట్టి చూసుకునేవాణ్ని. చాటుకు పోయి ముంజేతి చర్మం చిటికెతో లాగి, అది వెనక్కి పోయేవరకు ఊపిరి బిగబట్టేవాణ్ని. ఆ వారంలో ముంజేయి మీద నల్లటి మచ్చ పడింది, రోగం వల్ల కాదు, గిల్లుడు వల్ల.

రాజవ్వ మాత్రం రాయిలా ఉండేది. ఆడవాళ్లను ఎత్తి కూర్చోబెట్టేది, ఒళ్లు తుడిచేది, ఖరాబైన బట్టలు తీసేది. నేను తాగిన గ్లాసులో మిగిలింది పూటపూటా తాగేది. చేతులు కడుక్కోమంటే నవ్వేది. "నీ పట్టింపులు ఊరోళ్లకు సాబ్. నేను నీ గిలాసల్నే తాగుతున్న గద." అవే చేతులతో పొగాకు తుంచి దవడలో పెట్టుకునేది. ప్రతిసారీ చెబుదామనుకున్నాను. చెబితే ఆమె ఎవరితోనైనా అంటుంది, అంటే ఊరు మందు మానేస్తుంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అందులో సగం నిజం. మిగతా సగం సిగ్గు.

అయిదో రోజు మధ్యాహ్నం, ఎండ మండిపోతుండగా, ఆమె కొట్టం గోడ పట్టుకుని కూర్చుంది. మొదటి వాంతి అయింది. రెండు గంటల్లో పిక్కలు బిగుసుకుపోయి అరిచింది. ఎన్నడూ అరవని మనిషి. నేను ఆమె చర్మం చిటికెతో లాగి చూశాను. అది నిలబడింది.

పటేలును పట్టుకుని మనిషిని బాన్సువాడ పంపమన్నాను. నరంలోకి ఉప్పునీళ్లు తప్ప ఆమెకు వేరే దారి లేదు. కట్టు దాటకూడదని అతను నసిగాడు. నా ఎంగిలి మీద ఒట్టేశాను. అతను మస్కూరిని పంపాడు, కాలువ గట్టు వెంబడి, పొలిమేర కాపలాల కంటబడకుండా. మనిషి పోయి డాక్టర్ సాబ్ రావాలంటే రేపటి పొద్దు. అంతవరకు ఆమెను నిలపాలి. కొట్టంలో తలుపు దగ్గరకు వేసి పక్కన కూర్చున్నాను. పదేళ్ల నౌకరీలో ఒక రోగి పక్కన కిటికీ లేకుండా కూర్చోవడం నాకు అదే మొదలు.

"రాజవ్వా, నాకు గత్తర ఎన్నడు రాలే," అన్నాను. "జాతర కాడికెల్లి భయపడి ఉరికిన. మూడొద్దులు కొట్టంల దాసుకున్న. అంత అబద్ధం."

ఆమె తల నా వైపు తిప్పింది. గొంతు అప్పటికే లోపలికి పోయింది, బావిలోంచి వచ్చినట్టుంది.

"నీ నోట్ల మన్నువడ" అని తిట్టి, "గట్లయితె నేను సూది ఏపిచ్చుకుందు గదరా," అంది.

నేను కాచిన నీళ్లలో మందు కలపడం మొదలుపెట్టాను.

"ఊరోళ్లకు చెప్పకు," అంది తర్వాత. "చెప్తివా, రేపటికెల్లి ఒక్కడు మందు తాగడు. గా ముచ్చట గీ కొట్టంలనే ఉండని."

మందు కలిపిన గ్లాసు ఆమె పెదాల దగ్గర పెట్టాను. ఒక చుక్క తాగి, మొహం పక్కకు తిప్పుకుంది. "నువ్వు తాగు ముంగట."

"ఇప్పుడే చెప్పిన గద అవ్వా, నా ఎంగిల్ల ఏం లేదని."

"చెప్పినవ్. గందుకే. ఇన్నొద్దులు నీకేం కాదనే తాగినవనుకున్న. గది తాగుడు గాదు. ఇప్పుడు తాగు, సూస్త."

నిజానికి అన్ని రోజులూ నేను తాగింది భయంతోనే. కానీ అది నా ఒక్కడికే తెలిసిన భయం. ఇప్పుడు చూసే కళ్లు రెండున్నాయి, వాటికి కూడా తెలుసు. అది ఆమె నోటికి తగిలిన గ్లాసు. ఈ పని నేర్చుకునేవాళ్లకు స్పష్టంగా చెప్తున్నాను: రోగి గ్లాసు వేరుగా ఉంచి మరిగించాలి, దాన్ని ఎవరూ నోట పెట్టకూడదు. నేను చేసింది తప్పు. చేయి వణికి మందు కొంచెం చొక్కా మీద ఒలికింది. ఆమె ఆ వణుకును చూస్తూనే ఉంది. తాగాను. ఆమె గ్లాసు అడిగి తీసుకుంది.

ఆ తర్వాత నా దగ్గరున్నది వాడాను. పటేలు ఇంటి నుంచి గంజి తెప్పించి, ఉప్పు వేసి, చెంచా చెంచాగా పోశాను. కక్కితే మళ్లీ పోశాను. అది ఏ చీటీలోనూ లేని మందు. పక్కన కూర్చున్నవాడికి చేతులు ఊరికే ఉండక చేసిన పని. తెల్లవారేసరికి ఆమె నాడి దొరికీ దొరకనట్టుంది, కానీ ఉంది.

పొద్దు ఎక్కుతుండగా, బాన్సువాడ రోగులను డ్రెస్సరుకు అప్పగించి, డాక్టర్ సాబ్ వచ్చాడు. తుమ్మకంప అడ్డమని పటేలు అంటుంటే ఆయన దాన్ని ఒంటి చేత్తో లాగి అవతల పారేశాడట, చూసినవాళ్లు చెప్పారు. రాజవ్వ చేతి నరంలోకి సీసాడు ఉప్పునీళ్లు ఎక్కుతుంటే నేను సీసా పైకి పట్టుకుని నిలబడ్డాను. మధ్యాహ్నానికి ఆమె పిక్కలు సడలాయి. కళ్లు తెరిచి చూసి మొదట అడిగింది నీళ్లు, రెండోది పొగాకు.

బయట అరుగు మీద డాక్టర్ సాబ్‌కు జరిగింది చెప్పాను, జాతర నుంచి మొదలుపెట్టి. ఆయన తిట్టలేదు. పెట్టె తెరిచి, సూది మరిగే నీళ్లలో నుంచి తీసి, చొక్కా చేయి ఎత్తమన్నాడు. గత్తర ఒంట్లో దిగిన రెండు మూడు రోజుల్లో, ఒక్కోసారి అయిదు రోజుల దాకా బయటపడవచ్చు, సూది పనిచేయడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. అంటే ఆ సూది ఆ పూట నాకేమీ పనికిరాదని మా ఇద్దరికీ తెలుసు. వేశాడు. నేను అయిదు రోజులు లెక్కపెట్టుకున్నాను. నాకు రోగం రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలియదు. ఇదొక్కదాని గురించి నేను ఏ కథా అల్లలేదు.

ఇంకో పన్నెండు రోజులు గడిచినా కొత్త వాంతి లేదని పటేలు కట్టు విప్పాడు. డాక్టర్ సాబ్ జిల్లాకు రాసిన కాగితంలో దాయి, కాంపౌండరు ఇష్టపూర్వకంగా పోయి పనిచేశారని రాశాడు. ఆ మాట ఆమె విషయంలో నిజం. నా విషయంలో ఆయన ఎందుకు కొట్టేయలేదో అడగలేదు.

నాలుగేళ్ల తర్వాత నస్రుల్లాబాదు వైపు మళ్లీ గత్తర వచ్చింది. డాక్టర్ సాబ్ బదిలీ అయిపోయాడు, కొత్తాయన వచ్చాడు. అదే వసారా, అదే ప్రశ్న. డ్రెస్సరు నడుం మళ్లీ పట్టేసింది. రాజవ్వ స్తంభానికి ఆనుకుని కూర్చుని, దవడలో పొగాకు సర్దుకుంటూ, "ముంగట ఎవలు తాగుతరో తాగుండ్రి, అటెనక సూస్త," అంది.

నేను ముందుకు వచ్చి చొక్కా చేయి మడిచాను. నాకు గత్తర ఎప్పుడూ రాలేదని, జాతర నుంచి పారిపోయానని, ఇప్పుడు కూడా భయంగానే ఉందని అందరి ముందు చెప్పాను. సూది దిగింది. వెనుక రాజవ్వ లేచి వచ్చింది, చేయి వెనక్కి దాచుకోకుండా. ఆమె వెనుక టీకాదారు వచ్చాడు. డ్రెస్సరు ఇంకా వంగే ఉన్నాడు, కానీ సాయంత్రానికి బండి దగ్గరకు నిటారుగా నడిచి వచ్చాడు.

పాతికేళ్లకు పైగా చేసిన నౌకరీలో నేను నేర్చుకున్నది ఇది. హుకుం మనిషిని పొలిమేర దాకా తీసుకుపోతుంది. ఆ పైన కంప దాటేవాడు ధైర్యం ఉండి దాటడు. పక్కవాడికి కూడా తనంత భయం ఉందని, అయినా గ్లాసు ముందు అతనే ఎత్తాడని చూసి దాటుతాడు. ఏమీ కాదని చెప్పి ఒకరిని వెంట తీసుకుపోతే, వాళ్లకు దక్కవలసిన రక్షణ మనమే లాక్కున్నట్టు. కంటిచూపు తగ్గి పింఛను తీసుకునేవరకు నేను పనిచేసిన ప్రతి దవాఖానలో సూది పెట్టె తెరిచినప్పుడు మొదటి చేయి నాదే ఉండేట్టు చూసుకున్నాను. ప్రతిసారీ చేయి వణికింది. దాన్ని దాచుకోలేదు.